జెండా దేవుణ్ణి పిలిచిన పద్ధతి

జెండా చెయ్యి అబద్ధమాడిందని కాగితం మీద రాసిపెట్టారు. రాసినవాళ్ళు ముగ్గురు. ముగ్గురిలో ఒక్కడు కూడా ఆ షెడ్డులో పది నిమిషాలపాటు నిలబడినవాడు కాడు. అయినా టీ తాగుతూ విన్నారు, బిస్కెట్లు తింటూ ఆలోచించారు, మూతి తుడుచుకుని సంతకాలు పెట్టారు.

జెండా అతని పేరు కాదు. ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానాలో క్రేను కింద నిలబడి సైగలు చేయడం అతని పని. డ్రైవరు పైన, రేకుల కప్పు కింద వేలాడే గాజు గదిలో కూర్చుంటాడు. మిషన్లు తిరుగుతుంటే పక్కవాడి తుమ్ము కూడా వినపడదు కాబట్టి కిందివాడికి చెయ్యే నోరు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి నేలవైపు పెట్టి ఊపితే దించమని. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఆగమని. పన్నెండేళ్ళపాటు ఆ చెయ్యి అలా గాల్లోనే ఉండటం చూసి ఎవరో జెండా అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

క్రేను నడిపేది స్వయానా అతని భార్య తమ్ముడు. ఊరకే తిరుగుతున్నవాణ్ణి తీసుకొచ్చి, ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, మేనేజరు గది ముందు నాలుగు రోజులు పడిగాపులు పడి ఆ పనిలో పెట్టించింది జెండానే. ఒకరోజు నాలుగు టన్నుల పంపు తొడుగు దిగుతూ దిగుతూ, ఆగాల్సిన చోట ఆగకుండా, ఇంకా చెక్కపెట్టె కూడా విప్పని కొత్త మిషను మీద కూర్చుంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. మిషను మాత్రం పుచ్చకాయలా రెండైంది.

విచారణలో జెండా, “పిడికిలి పట్టాను సార్,” అన్నాడు.

బావమరిది నేల చూపులు చూస్తూ, “దించమనే చూపించాడండీ,” అన్నాడు.

డ్రైవరుకి లైసెన్సు ఉంది. జెండాకి ఉన్నది ఒట్టి చెయ్యి. లైసెన్సుదే నిజమైంది. జెండాని షెడ్డులోంచి తీసి పనిముట్ల గదిలో వేశారు. ఇనప జాలీ వెనక కూర్చుని, వచ్చినవాడి దగ్గర ఇత్తడి బిళ్ళ తీసుకుని పానా ఇవ్వడం, పానా తెచ్చినవాడికి బిళ్ళ తిరిగివ్వడం. కోతిని బోనులో పెట్టినట్టు పెట్టారని అతనే అనేవాడు. బావమరిది ఆ వారమే మూటాముల్లె సర్దుకుని వేరే గది చూసుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఇద్దరూ మాట్లాడుకోలేదు. డ్రైవరుకి పానా కావాలంటే వేరేవాణ్ణి పంపేవాడు.

ఇక దేవుడి సంగతి. జెండాకి దేవుడంటే కోపం లేదు, భయం లేదు. అసలు పరిచయమే లేదు. ఇంట్లో ఆ వ్యవహారమంతా భార్యది. పొద్దున స్టవ్వు వెలిగించి, పాలు పొంగేవరకూ దాని ముందు నిలబడి ఏదో గొణిగేది. స్టవ్వు సరిగ్గా మండటం లేదని తిట్టుకుంటోందనుకునేవాడు. ఒకసారి జాలిపడి కొత్త బర్నరు కూడా కొనుక్కొచ్చాడు. ఆవిడ మాట్లాడుతున్నది దేవుడితోనని ఇరవై ఆరేళ్ళ తర్వాత, ఆసుపత్రిలో తెలిసింది.

ఆవిడ తలలో గోలీకాయంత గడ్డ ఉందన్నారు. తీయాలి. తీస్తే బతకొచ్చు, తీయకపోతే బతకదు. తీస్తున్నప్పుడు ఏమైనా కావచ్చు. ఈ ముక్క చెప్పడానికి డాక్టరు ముప్పావుగంట తీసుకుని, అందులో సగం సేపు ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడాడు.

ఆ సాయంత్రం ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుని, “ఏమయ్యా, ఒక్క పని చేసిపెడతావా?” అంది.

“చెప్పు. కాఫీ తేనా?”

“కాఫీ కాదు. నన్ను లోపలికి తీసుకెళ్ళాక దేవుడితో మాట్లాడాలి నువ్వు. రోజూ నేనే మాట్లాడతాను. మత్తిచ్చేస్తే నాకు కుదరదు కదా. ఇంట్లో ఇంకెవరూ లేరు.”

“రోజూ నువ్వు మాట్లాడతావా? ఎప్పుడు?”

“పాలు కాచేటప్పుడు.”

జెండా నోరెళ్ళబెట్టాడు. “అది స్టవ్వుని తిట్టడం కాదా?”

“స్టవ్వుని తిట్టడానికి నాకేమన్నా పిచ్చా? నీ మోకాలి నొప్పి గురించి, మురిక్కాలవ వాసన గురించి, తమ్ముడి తాగుడు గురించి చెప్పుకుంటాను. నువ్వు కొనుక్కొచ్చిన ఆ దిక్కుమాలిన బర్నరు గురించి కూడా చెప్పాను.”

“సరే, నేనూ చెబుతాను. ఎలా మొదలుపెట్టాలి?”

ఆవిడ చాలాసేపు కప్పువైపు చూసింది. “మొదలేమిటో నాకూ గుర్తులేదయ్యా. ఎప్పుడూ మధ్యలోనే ఉంటాను. నిన్న ఆపిన చోటినుంచి అందుకుంటాను.”

“నాకు నిన్న లేదుగా.”

“అదీ నిజమే,” అంది ఆవిడ. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. “మాటిస్తావా?”

ఇచ్చాడు. ఆపరేషనుకి ఇంకా మూడు రోజులుంది. మూడు రోజుల్లో ఒక మొదలు దొరక్కపోతుందా అనుకున్నాడు.

మర్నాడు వదిన వచ్చింది. భార్యకి పెద్దక్క. దేవుడి విషయంలో తనే హెడ్మాస్టరు అన్నట్టుంటుంది. వరండాలో జెండాని పక్కకి పిలిచి, “ఇదిగో, దీనికో వరసుంది. ముందు ఆయన్ని పొగడాలి. బాగా పొగడాలి. తర్వాత నీ తప్పులన్నీ ఒప్పుకోవాలి. అప్పుడు కావలసింది అడగాలి. వెళ్ళీ వెళ్ళగానే అడిగితే బాగుండదు,” అంది.

“అచ్చం మా మేనేజరు లాగే ఉన్నాడే,” అన్నాడు జెండా.

“నోరు కడుక్కో!”

నోరు కడుక్కున్నాడు కూడా. ఆసుపత్రి వెనక బట్టలు ఆరేసే మేడ మీదికెళ్ళి, దుప్పట్ల మధ్య నిలబడి పొగడటం మొదలుపెట్టాడు. ఆకాశం బాగా కట్టావన్నాడు. వెంటనే, వానాకాలంలో షెడ్డు ఎలా కారుతుందో గుర్తొచ్చి, అది మేస్త్రి తప్పులే అని సర్దిచెప్పాడు. చెట్లు బాగున్నాయన్నాడు. గాలి బాగుందన్నాడు. ఆ తర్వాత మాటలు దొరకలేదు. మనిషన్నవాడు నలభై తొమ్మిదేళ్ళు బతికి సృష్టి మొత్తంలో మూడు మంచి విషయాలకన్నా ఎక్కువ చెప్పలేకపోయాడంటే ఆ నేరం ఎవరిదో తేల్చడానికి ఇంకో ముగ్గురు సంతకందార్లు కావాలి.

సరే, తప్పులు ఒప్పుకుందామని కూర్చున్నాడు. ఇక్కడ మాత్రం వాక్ప్రవాహం పొంగింది. “ఇంట్లో పెట్టుకున్నాను చూడు, అది మొదటి తప్పు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని తెలిసీ పనిలో పెట్టించాను, అది రెండోది. విచారణలో ఆ ముగ్గురి ముందే వాడి చెంప పగలగొట్టకపోవడం మూడోది...” అలా పావుగంట సాగింది. లేచి దులుపుకుంటుంటే తెలిసింది, ఒప్పుకున్న తప్పులన్నీ బావమరిదివేనని.

వదిన పద్ధతి మనకి నప్పదని తేలిపోయింది. అప్పుడు తనకి చేతనైన పద్ధతే పట్టాడు. షెడ్డులో ఎంత మంచి క్రేనైనా సరే, పెద్ద బరువు అప్పజెప్పేముందు చిన్న బరువు ఎత్తించి చూస్తారు. నేలకి జానెడెత్తు లేపి, ఆపి, గొలుసులు చూసి, అంతా సరిగ్గా ఉంటేనే పైకి. పరీక్షలో తప్పిన క్రేనుకి ఎర్ర బోర్డు తగిలించి పక్కన పెట్టేస్తారు. భార్య ప్రాణమంత బరువుని, ఒక్కసారి కూడా ఎత్తించి చూడని దేవుడి చేతిలో ఎలా పెడతాడు? 

భార్య మంచం మీది ఫ్యాను నాలుగు రోజులుగా తిరగటం లేదు. చెప్పగా చెప్పగా రాసుకున్నారు తప్ప ఎవరూ రాలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు జెండా దాని కింద నిలబడి, మర్యాదగానే, “అయ్యా, ఈ ఫ్యాను తిప్పండి,” అన్నాడు. అని, తల పైకెత్తి కాచుకున్నాడు.

రెండు నిమిషాలు గడిచాయి. కరెంటు పోయింది. వార్డులో తిరుగుతున్న మిగతా తొమ్మిది ఫ్యాన్లూ ఒక్కొక్కటే నీరసించి ఆగిపోయాయి. పదిమంది పేషెంట్లూ లేచి కూర్చుని విసుక్కున్నారు.

జెండా నిజాయితీపరుడు. భార్య దగ్గర దాచలేదు. “నీ దేవుడు పరీక్షలో తప్పాడే,” అన్నాడు.

జరిగింది విని ఆవిడ నవ్వింది. నవ్వి నవ్వి, తల పోటెత్తి, రెండు చేతులా కణతలు పట్టుకుంది. “ఆయనేమన్నా ఎలక్ట్రీషియనా? ఫ్యాను కోసం పిలుస్తారా ఎవరన్నా?”

“మరి మురిక్కాలవ కోసం నువ్వు పిలవలేదా?”

“బాగుచెయ్యమనలేదు. కంపు కొడుతోందని చెప్పానంతే.” నవ్వాపి, దిండు మీద తల వాల్చింది. “చూడు, నువ్వు ఏమీ ఎత్తించక్కర్లేదు. నాకు లోపల భయంగా ఉంటుంది. మత్తులో కూడా ఉంటుందేమో, ఎవరికి తెలుసు? నేను అక్కడ పడుకుని ఉన్నంతసేపూ బయట మా ఆయన నిలబడి ఆయనతో మాట్లాడుతున్నాడు అనుకుంటే నాకు కాస్త ధైర్యం. అంతే.”

జెండా “ఊఁ” అన్నాడు. ఎర్ర బోర్డు తగిలించినదాని కింద నిలబడి సైగ చేయమంటోంది ఈవిడ. పద్ధతి ఒప్పుకోదు. మాట ఇచ్చేశాడు.

మూడోరోజు పొద్దున ఎనిమిదింటికి ఆవిణ్ణి తోపుడు మంచం మీద తీసుకెళ్ళారు. జుట్టంతా తీసేశారు. చిన్నపిల్లలా ఉంది. తలుపు దాటేముందు అతనివైపు చూసి కనుబొమలెగరేసింది, గుర్తుందా అన్నట్టు. తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది.

వరండాలో ఒక బల్ల, గోడవారగా ఇంకో తోపుడు మంచం, దాని మీద మెడవరకూ దుప్పటి కప్పుకుని తన వంతు కోసం ఎదురుచూస్తున్న ఒక ముసలాయన. జెండా బల్ల మీద కూర్చున్నాడు. మొదలుపెడదామని నోరు తెరిచాడు. అప్పుడే మెట్లెక్కి బావమరిది వచ్చాడు.

వచ్చి, పలకరించకుండా, బల్లకి ఆ చివర కూర్చున్నాడు. గడ్డం మాసింది. మనిషి సగమయ్యాడు. ఇద్దరి మధ్యా ఇంకో ముగ్గురు కూర్చోవచ్చు. అరగంట అయింది. గంటయింది. లోపల ఆవిడ ఒక్కత్తే పడి ఉంది, బయట ఈయన ఒక్క ముక్కా మాట్లాడలేదు.

చివరికి బావమరిదే, గోడవైపు చూస్తూ, “అక్క చెప్పింది నాకు. మొదలుపెట్టావా బావా?” అన్నాడు.

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట. జెండా పళ్ళు నూరాడు. “నీ మొహం పక్కన పెట్టుకుని దేవుడితో ఏం మాట్లాడమంటావురా? లేచి పో.”

“పోను. నేనూ మాట్లాడదామనే వచ్చా. మా అక్క కదా. నాకూ నోరు రావట్లేదు.” బల్ల మీద కాస్త ఇటు జరిగాడు. “బావా, ఆ రోజు నువ్వు పిడికిలే పట్టావు.”

“నాకు తెలియదా? నువ్వు చెబితే తెలుసుకోవాలా?”

“నేను చూడలేదు.”

జెండా ఇటు తిరిగాడు. “చూడలేదంటే?”

“చూసి అబద్ధం చెప్పాననుకున్నావు నువ్వు. చూడనే లేదు. దించమని నువ్వు ఊపావు, దించుతున్నా. తర్వాత మొహం అటు తిప్పుకుని కూర్చున్నా. చూడలేదని చెబితే పని ఊడిపోతుందని అలా చెప్పా.”

“నాలుగు టన్నులు గొలుసుకి వేలాడుతుంటే మొహం తిప్పుకున్నావా! ఎందుకురా?”

“అలిగా.”

“ఏంటి?”

“నువ్వు పొద్దున నన్ను పిలవలేదు,” అన్నాడు డ్రైవరు. నలభై ఏళ్ళ మనిషి.

జెండా కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ పొద్దున్న అతనికి మొత్తంగా గుర్తొచ్చింది. ఇంట్లో గడ్డం గీసుకునే బ్లేడు దగ్గర గొడవైంది. కొత్త బ్లేడుని బావమరిది వాడేసి, తడితడిగా కిటికీలో పడేశాడు. జెండా నానా మాటలూ అని, ముఖం మాడ్చుకుని పనికెళ్ళాడు. రోజూ అయితే, మిషన్లు మోత మొదలెట్టకముందు, షెడ్డు ఇంకా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, కింద నిలబడి రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టి, “ఏరా, బతికున్నావా?” అని కేకేసేవాడు. పైనుంచి డ్రైవరు ఒక్కసారి హారను కొట్టేవాడు. ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదది. వాళ్ళిద్దరూ పెట్టుకున్న అలవాటు. వాడు పనిలో చేరిన నాటినుంచి ఏ ఒక్క పొద్దూ తప్పలేదు. ఆ ఒక్క రోజు తప్పింది. బ్లేడు కోపంలో అతను పిలవలేదు, ఊరికే చెయ్యెత్తాడు. ఆ సంగతి విచారణలో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళుగా తనకి తాను కూడా చెప్పుకోలేదు.

నాలుగు టన్నుల ఇనుముని ఇద్దరు మూతిముడుచుకున్న మగవాళ్ళ చేతిలో పెట్టింది కార్ఖానా. కాగితం మీద రాయాల్సింది అదీ.

జెండా ఎత్తిన చెయ్యి దించి మొహం తుడుచుకున్నాడు. ఎర్ర దీపంవైపు చూశాడు. పొగడ్తలు, తప్పులు, ఫ్యాను, పరీక్ష. ఈ మూడు రోజుల్లో అన్నీ చేశాడు గానీ, అసలు అటువైపున్నవాణ్ణి పిలవలేదు. తిన్నగా చెయ్యెత్తేశాడు, అంతే. 

లేచాడు. వరండా మధ్యలోకెళ్ళి నిలబడ్డాడు. తల పైకెత్తి, రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టి, పోతపోసే కార్ఖానాలో పనిచేసినవాడికి ఎంత గొంతుంటుందో అంత గొంతుతో కేకేశాడు.

“ఏరా! బతికున్నావా?”

“ఉన్నా నాయనా,” అన్నాడు తోపుడు మంచం మీది ముసలాయన, దుప్పటిలోంచి తల బయటపెట్టి. “ఇంకా ఉన్నా. నా వంతు వచ్చిందా?”

బావమరిది పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నర్సు తలుపు తోసుకుని వచ్చి, “ఇది ఆసుపత్రి అనుకున్నారా, సంత అనుకున్నారా?” అని కళ్ళెర్రజేసింది. ఆవిడ వెళ్ళాక జెండా ముసలాయన దగ్గరికి పోయి, “మిమ్మల్ని కాదు తాతా, పడుకోండి,” అని దుప్పటి సర్దాడు. మళ్ళీ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గించాడు గానీ, ఆపలేదు.

“బతికుంటే విను. లోపలున్నది నా భార్య. బరువు యాభై రెండు కిలోలు, పొద్దున తూచినప్పుడు నేను పక్కనే ఉన్నా. తలవైపు జాగ్రత్త. ఇరవై ఆరేళ్ళుగా నీతో మాట్లాడింది ఆవిడే, గొంతు తెలిసే ఉంటుంది నీకు. నేను కొత్త. నిన్ను పొగడటం నాకు రాదు. పొగిడితే తప్ప చూడనంటే నువ్వూ ఆ ముగ్గురిలో ఒకడివే. ఇన్నాళ్ళూ పిలవలేదని అలిగి మొహం అటు తిప్పుకున్నావేమో. తప్పు నాదే, సరేనా? అలగాలంటే రేపు అలుగు. ఈ పూటకి ఇటు తిరుగు. ఇటు చూడు. చూస్తున్నావా? నువ్వు హారను కొట్టవు, నాకు తెలుసు. కొట్టకపోయినా నేనిక్కడే ఉంటా. ఇదిగో, వీడు ఆవిడ తమ్ముడు. తాగుతాడు. ఆ సంగతి నీకు ఆవిడ చెప్పే ఉంటుంది...”

అలా మూడు గంటలపైన నిలబడే మాట్లాడాడు. మధ్యలో బావమరిది మంచినీళ్ళిచ్చాడు. మురిక్కాలవ గురించి చెప్పాడు, బర్నరు గురించి తన వాదన కూడా వినిపించాడు. దేవుడు హారను కొట్టలేదు. ఎర్ర దీపం ఆరింది.

డాక్టరు బయటికొచ్చి, “బాగా చేశాను,” అన్నాడు. దేవుడి సంగతి ఆయన ఎత్తలేదు, జెండా కూడా అడగలేదు. చేసింది ఎవరైనా, గడ్డ డబ్బాలోనూ భార్య మంచం మీదా ఉన్నారు. మెలకువ వచ్చాక ఆవిడ మొదట అన్న మాట, “మాట్లాడావా?” అని.

“గొంతు పోయింది. వినపడట్లా?” అన్నాడు జెండా, బొంగురుగా.

ఆవిడ ఇంటికొచ్చింది. నడుస్తోంది, నవ్వుతోంది. నాలిక్కి మాత్రం రుచి తెలియటం లేదు. చిన్న చిన్నవి మర్చిపోతోంది. బావమరిది ఆఫీసుకెళ్ళి నిజం చెప్పేస్తానన్నాడు. “ఆ కాగితాన్ని ఈపాటికి ఎలకలు తినుంటాయి. వాటిని విచారిస్తారా?” అని జెండా వద్దన్నాడు. క్షమించానని అనలేదు. ఆ మాట అతనికి నోరు తిరగదు.

కిందటి నెల డ్రైవరుని ఊరి అవతలున్న కొత్త షెడ్డుకి మార్చారు. వెళ్ళిపోయే రోజు తన పానా తనే పట్టుకుని పనిముట్ల గదికి వచ్చాడు. జాలీలోంచి లోపల పెట్టి, బిళ్ళ తీసుకోకుండా నిలబడ్డాడు.

“ఇంకా మాట్లాడుతున్నావా బావా, ఆయనతో?”

జెండా పానాకి అంటిన నూనె గుడ్డతో తుడిచాడు. “మాట్లాడకేం? పొద్దున పాలు కాచేటప్పుడు మీ అక్క ఒకవైపు, నేనొకవైపు. నా గోలలో ఆవిడ మాట వినపడట్లేదని రోజూ పోట్లాట. ఆయన ఇటు చూస్తున్నాడో లేదో నాకైతే ఇప్పటికీ తెలీదురా. నువ్వన్నా తొమ్మిదేళ్ళకి నోరు విప్పావు. ఆయనకి ఎన్నేళ్ళు పడుతుందో! సరేలే, ఆదివారం భోజనానికి రా. మీ అక్క కూరలో ఉప్పు వెయ్యటం మర్చిపోతోంది. నేను చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నువ్వు చెప్పు.”